గిన్నెలోకి దిగిన మబ్బు

“గ్రీజు పూసేవాడివి గ్రీజు పూసుకోక, మబ్బుకి వాసనుందంటావేంట్రా? మా చెవిలో పువ్వులు పెడుతున్నావా?” అంటూ టీకొట్టు బెంచీ మీంచి లేచాడు టైలర్ బాబాయ్.

నేనూ లేచాను. పక్కనే మా బావ, అంటే మా అక్క మొగుడు, టీ ఊదుకుంటున్నాడు. రేడియో టెలిస్కోపు దగ్గర ఇంజనీరు. చదువు మధ్యలో వదిలేసి గాలికి తిరుగుతున్న నన్ను పూచీపడి అక్కడ పనిలో పెట్టించింది ఆయనే. నన్ను పర్మినెంటు చేస్తారా, ఇంటికి పంపిస్తారా అన్నది ఆయన చెప్పే మాటని బట్టే. ఇంక ఆయన ముందు తగ్గుతానా?

“బాబాయ్, అది వాన మబ్బు కాదు. చుక్కకీ చుక్కకీ మధ్యుండే గ్యాసు మబ్బు. అందులో ఒక్కో పదార్థం ఒక్కో శ్రుతిలో సన్నగా కూస్తుంటుంది. ఈ వీధంత వెడల్పున్న మా టెలిస్కోపు గిన్నె పగలు కూడా ఆ కూత వింటుంది, కంప్యూటర్లో గీత లేస్తుంది. ఇది స్పిరిట్టు, ఇది చీమ కుడితే మండే ఆమ్లం, అని గీతలు చూసి బావావాళ్ళు చెప్తారు. నాకా గీతలెందుకు? గిన్నె కింద పళ్ళచక్రాలకి గ్రీజు పూస్తూ ముక్కు ఎగబీలిస్తే చాలు! ఓ మధ్యాహ్నం పనయ్యాక గిన్నెలోకెక్కి నడుం వాల్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మబ్బే దిగింది.”

“ఎండకి వీపు కాల్లేదా?” అన్నాడు టీ మామ.

“చల్లగా, మామా! ఆరీ ఆరని దుప్పటి మొహం మీద కప్పినట్టు. అలాగే పైకి, ఇంకా పైకి... ఎటు చూసినా నల్లటి మెత్తదనం. ఇంకా పుట్టని చుక్కలు దాని కింద కాళ్ళు కదుపుతున్నాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. గోరువెచ్చగా ఉంది, జో కొడితే కునుకు తీసింది. అది చూసి మబ్బంతా ఆ మూల నుంచి ఈ మూలకి ఆవులించింది. వెలుగుకే ఏళ్ళు పట్టే దూరమంటారే, నేను రెండు బారల్లో ఈదేశాను.”

“మరి కిందికెలా వచ్చావు?”

“టీ టైమైందని అదే దింపింది.”

బెంచీ అంతా నవ్వింది, బావ తప్ప. దాంతో నాకు ఇంకా ఊపొచ్చింది.

“నవ్వండి! ఆ మబ్బులో ఎవరూ చూడని కొత్త పదార్థం దొరికిందని మా పెద్ద సారు మురిసిపోతున్నాడే, అది నన్ను చూసి పలికిన పలుకే. నేను పనిలోకి రాని రోజు ఆ మబ్బు నోరే విప్పదు. కావాలంటే బావనడగండి!”

బావ గ్లాసు కింద పెట్టాడు. “నిజమే,” అన్నాడు.

అందరూ నోరెళ్ళబెట్టారు. నేను కూడా.

“వీడు సెలవు పెట్టిన రోజు ఆ గీత రాదు. ఎందుకో మాకెవరికీ అంతుపట్టలేదు. ఒరేయ్, పనిచేస్తూ ఏం చేస్తుంటావు?”

“పాటలు వింటాను, బావా.”

“దేంట్లో?”

నా చెయ్యి దానంతటదే జేబు మీదికెళ్ళింది. టెలిస్కోపు గేటు దగ్గరే అందరూ ఫోను ఇచ్చేసి లోపలికెళ్ళాలి. నేను మాత్రం జేబులో దాచుకుని వెళ్ళేవాణ్ణి. చుక్కల గుసగుసలు వినే గిన్నెకి, పక్కనున్న ఫోనంటే చెవిలో పెట్టి ఊదిన బూరే.

“ఆ కొత్త పదార్థం నువ్వేరా,” అన్నాడు బావ మెల్లగా. “సారు రేపు లోకమంతటికీ చెప్పబోతున్నారు. తర్వాత తప్పని తేలితే ఆయనకి తలవంపులే. నేను నోరు విప్పను. నువ్వే వెళ్ళి చెప్పు. ఆ తర్వాతే నీ ఉద్యోగం సంగతి.”

ఇదిగో, సారు గది తలుపు ముందే నిలబడ్డాను. లోపల కూనిరాగం తీస్తున్నాడాయన. నా కోతలు ఆయనకి తెలియనివి కావు. ఇప్పుడు నేను పోయి “సార్, మీ మబ్బు నా జేబులో ఉంది” అంటే, మీరైతే నమ్ముతారా?