మురుగు లేని గొంతు

"మళ్లీ కిటికీ తీశారా? పొయ్యి ఆరిపోయింది. శవాలు కోసొచ్చే మనిషికి మంటతో పనేముంది లెండి!"

"మూసిన గదిలో నాకు ముద్ద దిగదు."

ఆమె పొయ్యి వెలిగించి వెనక్కి తిరిగింది. ఆయన కంచంలో చెయ్యి పెట్టలేదు.

"ఏమైంది?"

"మురుగు తొట్టి కడగడానికి దిగి ఇద్దరు కూలీలు పోయారు. తాగి పడి మునిగిపోయారని రాయమంటున్నాడు మా పెద్ద డాక్టరు."

"తాగారా?"

"కడుపులో మందూ లేదు, గొంతులో మురుగు చుక్కా లేదు. పడకముందే గాలాడక పోయారు. మూత తీసి, లోపలి విషగాలి పోయేదాకా కాసేపైనా ఆగకుండా దింపారు, పనికి పెట్టుకున్న మహానుభావులు."

"అయితే అదే రాయండి."

"నాలుగేళ్ల కిందట ఇలాంటిదే వస్తే, పైవాళ్లు చెప్పినట్టే తాగి పడ్డాడని రాసి సంతకం పెట్టాను. ఆ పోయినవాడి తల్లి ఇప్పటికీ ఆసుపత్రి గుమ్మంలో కనబడుతుంది. 'మావాడు తాగడు బాబూ' అంటుంది."

ఆ సంగతి ఆయన ఇన్నాళ్లూ కడుపులోనే దాచుకున్నాడు. ఆమె ఎదురుగా కూలబడింది.

"ఎదురు తిరిగితే?"

"ఉద్యోగమే పోవచ్చు."

"పిల్లలకి నేను చెప్పుకుంటాను. ముందు తినండి."

ఆయన ముద్ద కలిపాడు.

"రేపు రెండు కాగితాలు రాస్తాను. ఒకటి వీళ్లిద్దరిదీ ఉన్నదున్నట్టు. ఇంకోటి, ఆ తల్లి కొడుకుది నేను తప్పు రాశానని."