ఫ్యాను ఆయన ఇంకా పోలేదు

సభకు వచ్చిన పెద్దలకు, మా ఆవిడ పుస్తకాలు చదివినవారికి, చదవకపోయినా తన మీద అభిమానంతో వచ్చినవారికి నమస్కారం. ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. తనైతే అనుకునేది. ఇంకో రెండు వరుసల కుర్చీలు వేయించేది కూడా.

పోయిన నెల మా ఆవిడ కన్నుమూసింది. రాసుకునే బల్ల దగ్గరే, చేతిలో కలం ఉండగానే ఒరిగిపోయిందని పేపర్లో వేశారు. బల్ల నిజమే. చేతిలో ఉన్నది కలం కాదు, స్క్రూడ్రైవరు.

నాకు ఎక్కువ మాట్లాడటం రాదు. మా ఇంట్లో మాట్లాడే పని తనది, వినే పని నాది. నాలుగు ముక్కలు చెప్పి ముగిస్తాను.

తను జీవితమంతా పేరుమోసిన ఆవిష్కర్తల జీవిత చరిత్రలు రాసింది. కుట్టుమిషను ఆయన, ఫ్రిజ్జు ఆయన, జిప్పు ఆయన. ఆ ఆవిష్కర్తలకు మా ఇంట్లో ఇవే పేర్లు. ఎవరి గురించి రాయాలన్నా ముందు ఆయన కనిపెట్టిన వస్తువును విప్పి చూడాల్సిందే. విప్పడం బాగా వచ్చు. బిగించడమే రాదు. బిగించిన ప్రతిసారీ ఒకటో రెండో మరలు మిగిలేవి. నేను చూపిస్తే, "ఇవి లేకుండానే నడుస్తోందిగా? అంటే ఆయన అనవసరంగా పెట్టాడన్నమాట" అనేది. ఆ మరలన్నీ ఒక గాజు సీసాలో ఉన్నాయి. ఇప్పుడు మా ఇంట్లో ఏ వస్తువు ఎలా నడుస్తోందో ఎవరికీ తెలియదు.

ఇంత ధైర్యం ఉన్న మనిషికి ఒక్క పని మాత్రం చేతనయ్యేది కాదు. ఏమిటో తెలుసా? చంపడం.

జీవిత చరిత్ర అన్నాక చివరికి మనిషి పోవాలి. అక్కడికి వచ్చేసరికి తన చెయ్యి కదిలేది కాదు. ఆయన జబ్బుపడ్డాడని రాసేది. ఆ జబ్బు గురించి ఒక అధ్యాయం. వైద్యుడి గురించి ఇంకో అధ్యాయం. ఆ వైద్యుడి గుర్రం గురించి నాలుగు పేజీలు.

పబ్లిషరు గారు ఇదిగో, ముందు వరుసలోనే ఉన్నారు. ఆయన ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఒక్కటే: "అమ్మా, ఇంకా పోలేదా?" తను నసుగుతూ, "ఈ వారంలో కానిచ్చేస్తానండీ. ఇప్పటికే మంచం పట్టించాను" అనేది.

ఒకసారి ఈ మాట మెట్ల మీద నిలబడి చెప్పింది. "ఇన్నాళ్లు కలిసున్నాం కదండీ, పాపం అనిపిస్తోంది. అయినా తప్పదుగా" అని కూడా చెప్పింది. కింది వాటా పిన్నిగారు విన్నారు. మా ఇంట్లో మగవాణ్ణి నేనొక్కణ్ణే. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే పిన్నిగారు నన్ను గుమ్మంలో ఆపి, గొంతు తగ్గించి అన్నారు: "బాబూ, ఈ నాలుగు రోజులూ మా ఇంట్లోనే తిను." ఎందుకో నాకు అర్థం కాలేదు. తిన్నాను. వంట బాగుంది. పిన్నిగారూ, నవ్వితే తప్పేం లేదు. తను కూడా ఇది చెప్పుకుని చివరిదాకా నవ్వేది.

చివరికి ఎలాగో ఆ అధ్యాయం ముగించేది. ముగించిన మర్నాడు మా ఇంట్లో ఒక నియమం. పోయినాయన ఏది కనిపెట్టాడో, ఆ రోజంతా దాన్ని ముట్టుకోకూడదు. "ఒక్కరోజు అది లేకుండా ఉండి చూస్తే గానీ ఆ మనిషి ఎవరో తెలియదండీ" అనేది. ఫ్రిజ్జు ఆయన పోయినప్పుడు పాలు విరిగాయి. కుట్టుమిషను ఆయన పోయినప్పుడు నేను సెలవు పెట్టి, దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. జిప్పు ఆయన మాత్రం, మా ఆఫీసుకు పైఅధికారి తనిఖీకి వచ్చే ముందురోజే పోయాడు. సెలవు దొరకలేదు. ప్యాంటుకు పిన్నీసులు పెట్టుకుని వెళ్లాను. అధికారి కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. మళ్లీ కూర్చోమన్నారు. నేను నిలబడే ఉన్నాను. ఇంత వినయం ఈ రోజుల్లో ఎక్కడుందని ఆయన అందరి ముందూ మెచ్చుకున్నారు. వినయం కాదండీ. పిన్నీసు.

ఇక చివరి పుస్తకం. ఫ్యాను ఆయనది. అంతా రాసింది, ఆ ఒక్క అధ్యాయం తప్ప. ఈలోగా వేసవి వచ్చింది. ఫ్యాను లేకపోతే నాకు కునుకు పట్టదు. పబ్లిషరు గారు ఫోన్ చేసినప్పుడల్లా తను ఒకటే జవాబు చెప్పేది: "ఈ ఎండల్లో ఎలా చంపనండీ? మా ఆయన ఉడికిపోతారు. చలికాలం రానివ్వండి."

ఫ్యాను ఆయన ఆగాడు. తను ఆగలేదు.

మీరూ చదువుకున్నవారే కదా, ఆ నాలుగు పేజీలు మీరు రాసివ్వండి, పుస్తకం పూర్తవుతుంది అని పబ్లిషరు గారు నన్ను అడిగారు. సభలో చెబుతానన్నాను. నిన్న తన కుర్చీలో కూర్చున్నాను. అలవాటు కొద్దీ ముందే ఫ్యాను ఆపేశాను. ఆపాక ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు. కాసేపు చూశాను. లేచి మళ్లీ వేశాను. కిర్రుకిర్రుమంటూ తిరిగింది. దాని మర కూడా ఆ సీసాలోనే ఉంది.

కాబట్టి పబ్లిషరు గారూ, నా జవాబు ఇది. ఆయన్ని నేను చంపను. మా ఇంట్లో ఈ ఏడాదికి ఒక చావు చాలు. తను ఆపిన చోటే పుస్తకాన్ని ఆగనివ్వండి. అక్కడ ఆయన చెమట తుడుచుకుంటూ రెక్క వంపు సరిచేసుకుంటున్నాడు. చేసుకోనివ్వండి. ఎవరైనా అడిగితే, ఇంకా చలికాలం రాలేదని చెప్పండి.

ఒక్క పని మిగిలింది. మా ఇంటి నియమం. పోయిన మనిషి ఇచ్చినదాన్ని పక్కన పెట్టాలి. తను ఏ వస్తువూ కనిపెట్టలేదు. మరి నేను దేన్ని ఆపాలి? చాలా ఆలోచించాను. పెళ్లయిన కొత్తలో నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడ కొందరున్నారు. నా నోట మాట రావడం వాళ్లెప్పుడైనా చూశారా? అలాంటివాణ్ణి ఇవాళ ఇంతమంది ముందు ఇంతసేపు మాట్లాడాను. ఇది ఎవరు చేసిన పనో వేరే చెప్పాలా?

ఆ మాటనే ఇక్కడితో ఆపుతున్నాను. ఫ్యాన్లు తిరగనివ్వండి. మీరంతా దయచేసి లేచి, నాతోపాటు కాసేపు మాట్లాడకుండా నిలబడండి.