ఉగ్గుగిన్నె

హైటెక్ సిటీలోని ఒక ఆసుపత్రిలో, బిడ్డకు పాలివ్వడం తల్లులకు నేర్పే విభాగాన్ని నడిపే నర్సు, బాలానగర్ నుంచి వచ్చిన అమ్మమ్మను తలుపు దగ్గరే ఆపింది.

“కొంగులో ఏముందమ్మా?”

“ఉగ్గుగిన్నె మేడం. పాప నాలిక మీద జర తేనె పెడ్దామని.”

“తేనె వద్దండి, పసిబిడ్డకు ప్రమాదం. గిన్నె మాత్రం ఇవ్వండి, నీళ్లలో మరిగించి తెస్తాను.”

“దానితోని ఏం జేస్తరు?”

“పాపకు పీల్చే బలం ఇంకా రాలేదు. మీ అమ్మాయి పిండిన ముర్రుపాలు అందులో పోసి పట్టిద్దాం. తాగకపోతే డాక్టరుగారు డబ్బాపాలు మొదలుపెడతారు.”

“అందుకే పాప తల్లి, నా బిడ్డ, పొద్దుగాల్నుంచి ఏడుస్తుంది.”

పావుగంటకు ఇద్దరూ తల్లి మంచం దగ్గర ఉన్నారు; గిన్నె అమ్మమ్మ చేతిలో ఉంది.

“పెదవికి ఆనించి ఆగండి. మెల్లగా.”

“మింగింది! మేడం, మింగింది! మల్ల నోరు తెరుస్తుంది!”

“మీ చెయ్యి భలే తిరిగిందండి!”

“నలుగురు పిల్లలకు పట్టిన చెయ్యి ఇది. ఇగ గిన్నె తీస్కోండ్రి, మల్ల మరిగించాలె.”

“ఇప్పుడెందుకమ్మా?”

“పక్క మంచం పిల్ల తల్లి గూడ గిట్లనే ఏడుస్తుంది. ఆళ్ల నాయనమ్మ కొంగుల తేనెసీస ఉన్నది, నేను జూసిన!”