ఇరవయ్యేడో నంబరు కుడి చెయ్యి

ఉత్తర ఒంటారియోలో ఒక గనుల ఊరు. జనవరి మధ్యాహ్నం. ఇర్మా లాహ్టినెన్ వంటింటి బల్ల మీద ఒక పాత ఐస్ హాకీ జెర్సీ పరిచి ఉంది.

"కాస్త చేతులు తుడుచుకుని ముట్టుకోండి ఇర్మాగారూ. ఏమీ అనుకోకండి."

"ఈ చొక్కా ముట్టుకోడానికి నేను చేతులు తుడుచుకోవాలా? దీని చెమట కంపు భరించిందాన్ని, బాక్స్టర్ గారూ. ఆట రోజు రాత్రి జట్టువాళ్లు సంచీడు చొక్కాలు తెచ్చి పడేసేవారు. లోపలికి రానిచ్చేదాన్ని కాదు. వరండాలో తాడు మీద వేస్తే తెల్లారేసరికి గడ్డకట్టి, కంపు చచ్చి, చెక్కబొమ్మల్లా నిలబడేవి. అప్పుడు తెచ్చుకుని కుట్టేదాన్ని."

"చొక్కా కాదండీ, జెర్సీ."

"నాకు చొక్కానే. మీరు మాత్రం ఆ తెల్ల చేతి తొడుగులు తియ్యండి. శవపేటిక మొయ్యడానికి వచ్చినట్టున్నారు."

"ఆటలో తొడిగిన జెర్సీలు అలాగే పట్టుకోవాలి. మరక పోయినా నష్టమే, కొత్త మరక పడినా నష్టమే. ఇదిగో, ఈ నల్లచార చూశారా? పక్ తగిలింది, ఆడే రబ్బరు బిళ్ల. ఇది మైదానం చుట్టూ ఉండే చెక్కగోడకి రాసుకుని కమిలిన గుర్తు. ఇవన్నీ ఫొటోల్తో సరిచూస్తారు."

"మరకలకి కూడా సాక్ష్యాలన్నమాట. కూచోండి."

"ఫర్వాలేదు."

"కోటు తియ్యండి. పొయ్యి మండుతోంది, చెమట పట్టేసింది మీకు."

"ఫర్వాలేదండీ. వెంటనే వెళ్లిపోవాలి. మా ఆవిడ కారులో ఉంది."

"ఈ చలిలోనా? పిలవండి లోపలికి. ఏలకుల రొట్టె చేశాను, కాఫీ ఉంది."

"ఇంజను నడుస్తోంది, వెచ్చగానే ఉంటుంది. ఇర్మాగారూ, ఒక్కటే. ఈ ఎడమ మోచేతి దగ్గర మాసిక మీ చేతిదేనా?"

"నాదే."

"సరిగా చూడకుండానే చెప్పేశారు."

"మీ ముఖం మీద మచ్చ మీరు చూసుకుని చెప్తారా? నాదే. ఫైనల్ ఆటకి ముందు వేశాను. గ్రాంట్ టెల్ఫర్ మోచెయ్యి ఎప్పుడూ చిరిగేది, అందరినీ పొడిచేవాడు."

"ఫైనల్ ఫొటోలో ఈ మాసిక కనబడుతుంది. మూల దగ్గర వంకర కూడా అదే."

"వంకర కాదు. అక్కడ గుడ్డ నలిగింది."

"నలిగింది. సరే. మీ చేత్తో ఒక కాగితం రాసి సంతకం పెడితే చాలు. ఇది మీ ఊరి స్టోకర్స్ జట్టు జెర్సీ, ఆ యేడు టెల్ఫర్ తొడిగింది, కుట్టింది మీరు. అంతే."

"తెచ్చారా కాగితం?"

"తెచ్చాను. పెన్ను కూడా. ఇంకోటి రాయాలి... ఈ కుడి చెయ్యి గురించి."

"కుడి చెయ్యికేం?"

"చూడండి. రెండూ కలిపి పట్టుకుంటే కుడిది అంగుళం పావు పొట్టి. టొరంటోలో జెర్సీలు పరీక్షించేవాడు ఒకడున్నాడు. ఎవరో తర్వాత కత్తిరించారన్నాడు. టెల్ఫర్ చేతులు రెండూ తాడిచెట్లంతేసి ఉండేవి, పొట్టి చెయ్యి ఎందుకు తొడుగుతాడన్నాడు."

"కత్తిరించలేదు."

"మరి?"

"కాఫీలో పాలు పోయనా?"

"వద్దు. మరి ఏం చేశారు?"

"లోపలికి మడిచి కుట్టాను. తిరగేసి చూడమనండి మీ టొరంటో ఆయన్ని. దారం గుడ్డలో కలిసిపోయేలా కుట్టానులే, కనబడదు. అంత చదువు చదివినవాడికి కూడా కనబడలేదంటే నా కుట్టు బాగానే ఉంది."

"టెల్ఫర్ అడిగాడా మడవమని?"

"వాడికి అదేమీ తెలీదు. పొట్టిగా ఉందని పైకి లాక్కుని ఆడేవాడు. అది వాడి ఠీవి అనుకుని ఊళ్లో కుర్రాళ్లంతా కుడి చెయ్యి పైకి లాక్కుని ఆడ్డం మొదలెట్టారు. ఆ చలికాలం ఈ వీధిలో ఏ పిల్లాణ్ణి చూసినా ఒక చెయ్యి మణికట్టు బయటే. తల్లులు నన్ను తిట్టారు, నేనేదో కొత్త పోకడ పెట్టానని."

"అందరూనా? ఊరంతానా?"

"అంతా. ఎందుకు నవ్వుతున్నారు?"

"ఏం లేదు. ఒక్క నిమిషం, ఫోను... ఆఁ ట్రూడీ. అయిపోవచ్చింది. పది నిమిషాలు. లేదు, ఇంకా అడగలేదు. అడుగుతాను. అడుగుతానన్నానుగా. పెట్టెయ్."

"ఏం అడగలేదు?"

"ఏమీ లేదండీ. మంచు ఎక్కువవుతోందని."

"రొట్టె తినండి. నిలబడే తినండి పోనీ, ఆ కిటికీకీ పొయ్యికీ మధ్య తిరుగుతూ. నా నేల అరిగిపోతోంది."

"క్షమించండి."

"ఈ చొక్కా అమ్ముతారా?"

"లేదు."

"ఇంట్లో చాలా ఉన్నాయా?"

"ఇదొక్కటే."

"ఒక్కటి ఉన్నవాణ్ణి సేకరణ చేసేవాడంటారా? ఫోనులో మాత్రం, ఆటలో తొడిగిన జెర్సీలు కూడబెడుతుంటానన్నారు."

"ఇది దొరికేదాకా చాలా కొన్నాను. వెతుకుతూ కొన్నాను. ఇది కాదని తేలగానే అమ్మేశాను."

"ఎన్నేళ్లు?"

"ఇరవయ్యెనిమిది."

"టెల్ఫర్ అంటే అంత పిచ్చా?"

"మంచి ఆటగాడు. పెద్ద జట్టుకి వెళ్లాడు కదా."

"ఆ టొరంటో ఆయనకి మోచేతి మాసిక చాలు. అది టెల్ఫర్‌దని అదే చెప్తుంది. మీరు కుడి చెయ్యి పట్టుకుని వేళ్లాడుతున్నారు."

"పూర్తిగా తెలియాలి కదండీ. అందరూ అడుగుతారు. ఇంకోటి కూడా ఉంది. వెనక టెల్ఫర్ పేరు పట్టీ చూడండి. దానికి అటూ ఇటూ చెరో రెండంగుళాల మేర పాత సూది చిల్లులు. అంటే ముందు ఇంకో పట్టీ ఉండేది, దీనికంటే పొడుగుది."

"చిన్న జట్లలో అంతే. ఇరవయ్యేడో నంబరు ఒకడు వదిలితే ఇంకొకడు. చొక్కా మారదు, పేరు మారుతుంది. పొద్దున్న ఒకడి పేరు ఊడదీసి సాయంత్రానికి ఇంకొకడిది కుట్టాలి. ఓర్వాల్ గుమ్మంలో నిలబడి తొందరపెట్టేవాడు."

"ఓర్వాల్?"

"ఓర్వాల్ పికెట్. జట్టు సామాను చూసేవాడు, సంచులు తెచ్చేది వాడే. పోయాడు పాపం."

"ఆ పాత పట్టీ మీద పేరు... ఎన్ని అక్షరాలో గుర్తుందా?"

"పదకొండు. ముప్పావు గంట పట్టింది ఊడదియ్యడానికి. పొట్టిపేరు వాళ్లంటే నాకిష్టం."

"ఎవరతను?"

"ఎవరో కుర్రాడు. ఒక్క ఆట ఆడాడు."

"ఒక్క ఆటేనా?"

"బుధవారం. తుఫాను. చూడ్డానికి మూడొందల మంది కూడా రాలేదు. పేపరు ఫొటోలు తీసేవాడి బండి దారిలోనే దిగబడిపోయింది. ఆ కుర్రాడు ఆ చొక్కాలో ఉన్న ఫొటో లోకంలో ఒక్కటి కూడా లేదు. మీ టొరంటో ఆయన వెయ్యేళ్లు వెతికినా దొరకదు."

"అవును. దొరకదు."

"కూచో."

"ఆఁ?"

"కూచోమన్నాను. అలా నిలబడితే చెప్పలేను. ఆఁ, అలా. ఆ రోజు పొద్దున్న ఆ పిల్లాడు ఇక్కడికొచ్చాడు. ఆ కుర్చీలోనే. ఇరవై నిండాయో లేదో. చిన్నప్పుడు కొట్టం కప్పు మీంచి పడితే కుడిచెయ్యి విరిగిందట, ఊళ్లో ఎవరో కట్టు కట్టారట, వంకరగా, పొట్టిగా అతుక్కుంది. చొక్కా చెయ్యి తొడుగు మీదికి జారిపోయి కర్ర పట్టు తప్పుతోందన్నాడు. కాస్త పొట్టి చెయ్యమన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"చిన్నవిషయం. అంత బాగా గుర్తుందే."

"చెప్పొద్దన్న మాట ఎప్పుడు బాగా గుర్తుంటుందో తెలుసా? చెప్పేశాక."

"ఎవరికి?"

"ఓర్వాల్‌కి."

"ఎందుకు?"

"గొప్పకి. ఇంకెందుకు. ఆట అయ్యాక సంచీ తెచ్చాడు. ఈ చొక్కా తీసి, ఎక్కడ మడిచానో కనిపెట్టు చూద్దామన్నాను. నా కుట్టు ఎవరూ ఎప్పుడూ మెచ్చుకోలేదు బాబూ. కుట్టు కనబడకపోతేనే అది మంచి కుట్టు, కనబడనిదాన్ని ఎవడు మెచ్చుకుంటాడు? వాడు దీపం కింద పెట్టి వెతికాడు, దొరకలేదు. ఎందుకు మడిచావన్నాడు. నోట్లోంచి వచ్చేసింది. తెల్లారి కోచ్‌కి తెలిసింది. మధ్యాహ్నం బస్సుకి ఆ పిల్లాణ్ణి ఎక్కించేశారు."

"కాదు. ఆట చాల్లేదు. వేగం చాలదన్నారు."

"ఎవరన్నారు?"

"అంటే... అలాగే అంటారు కదా. అందరికీ అదే చెప్తారు."

"వేగానికేం లోటు? ఇక్కడే రేడియో పెట్టుకు విన్నాను. మూడో అంకంలో ఇద్దర్ని తప్పించుకుని గోలు దాకా వెళ్లిపోయాడు. కొట్టింది గోలు ఇనప కమ్మీకి తగిలింది గానీ. రేడియోవాడు ఆ పొడుగు పేరు పలకలేక రెండుసార్లు తడబడ్డాడు."

"ఎడమవైపు కమ్మీకి తగిలింది."

"అది రేడియోలో చెప్పలేదు."

"ఎక్కడో చదివాను."

"ఓర్వాల్ వచ్చి చెప్పాడు నాతో. కోచ్ అన్నాడట, అవిటి చేతికి జీతమెందుకని. అంతే కారణం. ఆట కాదు."

"ఆట కాదా."

"కాదు."

"మీకు ఖాయంగా తెలుసా? మళ్లీ చెప్పండి. ఎందుకంటే ఒక మనిషి, ఆ కుర్రాడు, ఇన్నేళ్లూ తనకి ఆట రాదనే అనుకుని ఉండొచ్చు. మళ్లీ కర్ర పట్టుకోకపోయి ఉండొచ్చు. కొడుకులకి కూడా నేర్పకపోయి ఉండొచ్చు. నేను ఊరికే అంటున్నాను."

"ఖాయంగా తెలుసు. ఆట వచ్చు వాడికి. పాడుచేసింది నా నోరు. ఆ మడత విప్పేసి మామూలుగా చెయ్యమన్నాడు ఓర్వాల్. రేపు, రేపు అన్నాను. సీజను అయిపోయేదాకా రేపు అన్నాను. అది విప్పితే ఆ పిల్లాడు రానేలేదన్నట్టు అయిపోతుందనిపించింది. అందుకే మీ టెల్ఫర్ మణికట్టు చలికి ఎర్రబడింది."

"విప్పలేదన్నమాట."

"తినలేదు నువ్వు. చేతిలోనే ఉంది రొట్టె."

"ఇర్మాగారూ, ఆ సంగతి కాగితంలో రాస్తారా?"

"ఏ సంగతి?"

"ఆట వల్ల కాదని."

"టెల్ఫర్ చొక్కా కాగితంలో ఆ సంగతి ఎందుకు?"

"ఎందుకంటే... పూర్తిగా ఉండాలని. నాకు రెండు కాగితాలు ఇచ్చినా ఫర్వాలేదు. లేదా అదొక్కటే ఇవ్వండి. టెల్ఫర్ సంగతి వద్దు."

"పెన్ను ఇటివ్వు. కళ్లద్దాలు ఆ రేడియో మీదున్నాయి, అందుకో. ఊఁ. ఒకటి అడుగుతాను. ఈ ఇంటికి పక్క తలుపులోంచి వచ్చావేం?"

"ముందు మెట్ల మీద మంచు పేరుకుంది."

"ముందు మెట్లు పొద్దున్నే ఊడ్పించాను, నువ్వు వస్తానన్నావని. ఉప్పు కూడా చల్లించాను. కొత్తవాళ్లు ముందు తలుపు కొడతారు. పక్క తలుపు ఆటగాళ్లది. బూట్లు విప్పి పొయ్యికి ఎడమవైపు పెట్టేది కూడా వాళ్లే, తడి ఆరాలని. ఎవరూ చెప్పకుండా అక్కడే పెట్టావు."

"ఇర్మాగారూ..."

"కాగితం ఒకటే రాస్తాను. కోటు తీసి ఆ చొక్కా తొడుక్కో ముందు. నీ పెళ్లాన్ని కూడా లోపలికి పిలు, చూడనీ. కుడి చెయ్యి సరిపోతే సంతకం పెడతాను. ఇప్పుడు చెప్పు బాబూ, ఏ పేరు రాయమంటావు? ఫోనులో చెప్పిందా, నేను ఊడదీసిందా?"