కోట ఇస్తానన్నా ఇవ్వని కుక్కపిల్ల

"ఏం చెప్పమంటారు సదాశివం గారూ, అన్నీ తెలిసినవాడికి నిద్రుండదు. నాకే గనక కాస్త తక్కువ తెలిసుంటే ఈపాటికి ఇంట్లో దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాణ్ణి."

ఆవలింత మధ్యలో ఇలా మొదలుపెట్టారు రామమోహనరావు గారు. లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లో మా ఇల్లు, ఆదివారం మధ్యాహ్నం, బయట తుంపర, లోపల మూడో విడత టీ. ఆయన హాస్పిటల్లో మత్తు డాక్టరు, ఆయన భార్య పద్మజ గారు జీపీ, అంటే పేటలో అందరికీ మొదట చూసే డాక్టరు. ఆయన ఒళ్ళో తువ్వాల్లో చుట్టిన కుక్కపిల్ల. పక్కింటి ముసలావిడ కుక్క ఈనితే, తండ్రెవరో తేలక, చివరికి ఇదొక్కటి మిగిలిపోయింది. కుక్కల గురించి తనకి తెలియంది లేదని కంచె మీంచి ఈయన కోసిన కోతలు విని, ఆవిడ దీన్ని తెచ్చి ఈయన చేతిలోనే పెట్టేసింది. సాయంత్రంలోగా ఎవరికో ఒకరికి ఇచ్చేయాలని పద్మజ గారి ఆర్డరు. వరంగల్ నుంచి వచ్చి మా పక్క వీధిలో ఉంటున్న అచ్యుత్ అనే కుర్రాడు ఎదురుగా కూచున్నాడు. ఆయన కన్నంతా వాడి మీదే.

"మొదట చిన్న సంగతేనండీ. టీకాలకని వెట్ దగ్గరికి, అదే కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ అమ్మాయి దీన్ని అటు తిప్పి ఇటు తిప్పి, 'లాబ్రడార్ లాగుంది' అంది. నేనూరుకుంటే పోయేది. నోరూరుకోదుగా. 'అమ్మా, వేళ్ళ మధ్య వెంట్రుకలు చూడు, ఇందులో స్పానియల్ ఉంది' అన్నాను. చూసింది, అవాక్కయింది."

"అంతేనా?" అన్నాను.

"అంతే అయితే నా కళ్ళకింద ఈ సంచులెందుకొస్తాయి? 'ఇంకేముంది డాక్టర్' అని పట్టుకుంది. సరేనని కళ్ళు మూసుకున్నాను. ముప్పై ఏళ్ళుగా చీకట్లో కూడా నరం పట్టిన వేలండీ ఇది. వెన్ను మీద పెట్టి అలా తోకదాకా పోనిచ్చాను. మెడ దగ్గర జర్మన్ షెపర్డ్, నడుం దగ్గరికొచ్చేసరికి కోలీ, తోక మొదట్లో టెర్రియర్, తోక చివర్న మన రాజపాళయం."

"రాజపాళయం ఇక్కడికెట్లొచ్చె అంకుల్?" అన్నాడు అచ్యుత్.

"ఓడెక్కి నాయనా. దీని ముత్తవ్వల్లో ఒకదాన్ని ఎవరో కలెక్టరు దొర మద్రాసు రేవులో ఎక్కించాడు. తోకలో ఆ ఉప్పుగాలి ఇంకా ఉంది, వాసన చూడు."

వాడు నిజంగానే చూశాడు. చూసి తుమ్మాడు.

"చూశారా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ క్లినిక్ మొత్తం ఆగిపోయింది. కుట్లు సగం పడ్డ డాబర్‌మన్‌ని బల్ల మీదే వదిలేసి పెద్ద డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. డాబర్‌మన్ కూడా దిగొచ్చింది. అప్పట్నుంచీ ఫోన్లే ఫోన్లు. స్కాట్లండ్ నుంచి ఒకాయన ఫోన్లో మొరుగుడు వినిపించి ఏ జాతన్నాడు. 'అయ్యా, ఇది కుక్క కాదు, మీ బావమరిది' అన్నాను. నిజమే, నన్ను పరీక్షిద్దామని చేశాడట. ఇలాంటివాళ్ళకి జవాబులు చెప్పీ చెప్పీ ఓపికంతా అయిపోయిందండీ."

"మరి పెంచే ఏర్పాట్లు?"

"అవి వేరే భారతం. కంచె ఎత్తు చాలదన్నారు. నైట్ డ్యూటీ దిగొచ్చి పలకలు కొట్టడం మొదలుపెట్టాను. నిద్రమత్తులో ఆపడం మర్చిపోయాను. లూటన్‌లో దిగాల్సిన విమానం పైలట్ కిటికీ దించి, 'డాక్టర్ గారూ, కాస్త దారివ్వండి' అని కేకేశాడు. కౌన్సిల్ వాళ్ళు నోటీసు పట్టుకొచ్చి, ఆ కంచె నీడలోనే కూచుని టీ తాగి వెళ్ళారు. ఇక తిండి. పపీ ఫుడ్ ముట్టదు. పెసరట్టు, అదీ అల్లం తక్కువైతే పళ్ళెం వెనక్కి నెడుతుంది. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో మొరుగుతుంది."

"అచ్చం మా పిల్లల్లాగే" అన్నాను.

"చివరికి ఒక లార్డ్ గారు హెలికాప్టర్లో మా పెరట్లో దిగాడు. వెంట వేటకుక్కల మంద. దీన్ని చూడగానే అవన్నీ వరసగా సాగిలపడ్డాయి. లార్డ్ గారు కళ్ళనీళ్ళు పెట్టుకుని, 'నా కోట రాసిస్తాను, దీన్నివ్వు' అన్నాడు. 'మాకు ఈ సెమీ డిటాచ్డ్ కొంప చాలు బాబూ, కోటకి హీటింగ్ ఎవడు పెడతాడు' అని పంపించేశాను."

"ఇంత ఘనమైన దాన్ని ఎందుకిచ్చేస్తున్నారు మరి?"

"తెల్లవార్లూ ఏడుపండీ. నాకు కంటిమీద కునుకు లేదు. పగలు మేమిద్దరం డ్యూటీకెళ్తే ఒక్కతే పడుంటుంది. యోగ్యమైన ఇల్లు దొరికితే..."

"అట్లైతే నాకిచ్చేయండి అంకుల్" అన్నాడు అచ్యుత్. "నేను ఇంట్ల నుంచే పని చేస్త. ఒక్కణ్ణే ఉంట. గార్డెన్ గూడ ఉంది."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే" అని వాడు చేతులు చాపాడు.

రామమోహనరావు గారు తువ్వాలు దగ్గరికి లాక్కున్నారు. "నీ ఇంట్లో కార్పెట్ కదూ? పోతుంది నాయనా. నేను చెప్పలేదు గానీ, ఇది మొన్న మా సోఫా తినేసింది. సగం కాదు, మొత్తం. తర్వాత ఇల్లూడ్చే హూవర్ మెషీను తినేసింది. రాజపాళయం గీజపాళయం ఏం లేదు, ఉత్త అల్లరిది. నీకెందుకొచ్చిన గొడవ?"

"వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. కుదిరిన సంబంధం చెడగొట్టడానికి ఇంకో వెయ్యి ఏంటండీ?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "రాత్రంతా ఏడుస్తుందయ్యా. పిల్లాడు తట్టుకోలేడు."

"ఎప్పుడేడ్చింది?" అన్నారు పద్మజ గారు. అంతవరకూ మాట్లాడకుండా టీ తాగుతున్న మనిషి, కప్పు కింద పెట్టారు. "తెచ్చిన రోజు నుంచీ గురకపెట్టి నిద్రపోతోంది. ఊపిరి తీస్తోందో లేదోనని తెల్లవార్లూ దాని పక్కన నేల మీద కూచునేది మీరు." మావైపు తిరిగారు. "మత్తులో ఉన్నవాళ్ళ ఊపిరి చూసే ఉద్యోగం కదా, ఇంటికొచ్చినా మానరు. మా పిల్లల చిన్నప్పుడూ ఇంతే. నాకు మాత్రం దీన్ని పంపాలనుందా? నిద్రలేకుండా ఈయన డ్యూటీకెళ్తుంటే నాకు భయంగా ఉంది."

ఆయన తువ్వాలు వైపే చూస్తున్నారు. అది లేస్తోంది, పడుతోంది.

"మరీ అంత చిన్న ఛాతీ పద్మజా. ఆగిపోతే పక్కగదిలోంచి ఎలా కనిపెడతాం?"

అచ్యుత్ చాపిన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"పగలు నా దగ్గర దించిపోండి అంకుల్. రాత్రికి తీసుకపోండి. మీ పిల్లే, నేను చూసుకుంట అంతే."

"పడుకున్నప్పుడు మధ్యమధ్యలో చూస్తావా?"

"చూస్త."

"రాత్రి మాత్రం మీరు మంచం మీద పడుకోవాలి" అన్నారు పద్మజ గారు. "దాన్ని కూడా ఆ గదిలోనే పడుకోబెట్టుకోండి. అంతకంటే నేనేం చెయ్యలేను."

ఆయన బుద్ధిమంతుడిలా తలూపారు. అచ్యుత్ వంగి దాని చెవి నిమిరాడు. "అసలిది ఏ జాతి అంకుల్?"

ఇంకో విడత తప్పదని నేను కెటిల్ కోసం లేచాను.

"తెలీదయ్యా" అన్నారు రామమోహనరావు గారు.

పదిహేనేళ్ళ స్నేహంలో ఆ మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. టీ పోసి తెచ్చేసరికి ఆయన కుర్చీలోనే నిద్రపోయారు. కుక్కపిల్ల లేచి, ఆయన ముక్కు దగ్గర మూతి పెట్టి చూస్తోంది.