లేని ఊరికి పోయిన కబురు

చండ్రుగొండ బస్టాండులో బురద కాళ్ళతో కూర్చున్న రైతు, సాఫ్ట్‌వేర్ పని చేసే మేనల్లుడిని నిలదీస్తున్నాడు.

"మీ ఆఫీసుల పనిచేసే బలరాం నా పొలం ముంచిండు అల్లుడా. వాగు పొంగితే ఫోనుకు కబురు పెడ్తమన్నరు. ఏదిరా?"

"కబురు ఎవలికి పోవాల్నో రాసే యామెల్ ఫైలని ఉంటది. అండ్ల ఊరి పేరు ఒక్కకాడ రాసి, మిగతా లైన్లల్ల పేరుకు బదులు గుర్తు పెట్టిండు మామా. గా ఫైలు దానంతటదే పేరు నింపుకోదు. నింపమని వేరే చెప్పాలె, మరిచిండు."

"మరి కబురు?"

"పోయింది. పేరు లేని ఊరికి."

"గా ఊరోళ్ళన్నా గట్టుకు ఇసుక బస్తాలు వేసుకున్నరా?"

మేనల్లుడు ఫోనులో ఆ ఫైలు తెరిచి చూపించాడు.

"ఇప్పుడు సరిచేసిండు మామా. ఒక్క లైనే."

"నాకున్నది గూడ ఒక్కటే పొలం చెక్క. గట్టు తెగి ఇసుక మేట వేసింది. ఎకరం పది గుంటలు."