పిట్టకిచ్చిన మాట

కంట్రాటు రెన్యువల్ సంగతి తర్వాత మాట్లాడుదం ఇక్రాం భాయ్, ముందుగాల గా మంచం మీదికి ఎవ్వలను పంపకుండ్రి! నేనేమన్న కంపెనీ మంచం ఊరికెత్తుకపోతున్ననా?

జాగ లేదు, నాకెర్క లేదా? దోహా అంతా క్రేన్లే. రోజూ విమానం నిండ మనుషులు దిగుతున్నరు, మన క్యాంపుల కాలు వెట్ట సందు లేదు. అయినా గా మంచం ఖాళీ లేదు భాయ్.

ఏంది అట్ల సూస్తున్నరు? నాకు పిచ్చి లేవలే. కూసోండ్రి జర. ఛాయ్ తాగుండ్రి.

మీరు ఈ క్యాంపుకు ఇంచార్జిగ మొన్ననే వచ్చిండ్రు. గా మంచం ఇద్దరిది. పగటి డ్యూటీ నాది, రాత్రి డ్యూటీ మా ఊరి హన్మాండ్లన్నది. పొద్దుగాల నేను లేస్తె ఆయన వచ్చి ఒరుగుతుండె. సాయంత్రం నా బస్సు గేటు కాడ ఆగేసరికి ఆయన బస్సు కోసం నిలవడి ఉంటుండె. "తిన్నవారా ముత్యం?" "తిన్ననే." గంతే మా ముచ్చట.

శుక్రారం ఒక్కటే ఇద్దరం కల్సి ఉంటుంటిమి. అబూ హమూర్ మార్కెట్ల శాపలు తెచ్చి ఆయనే వండుతుండె. ఉప్పెక్కువైందంటె ఇగ సూడు, "ఒండి పెట్టనీకి నీ పెండ్లాం వస్తదారా ఈడికి?" అని లేస్తుండె. మల్ల నా పళ్లెంల పెద్ద ముక్క ఏసేది గూడ ఆయనే. నోరు గట్టిది, మనసు మెత్తది.

సూసుకున్నది తక్కువే. మరి గంత పానం ఎందుకంటరా? ఆయన లేసిన ఎచ్చదనంల నేను ఒరిగిన, నేను లేసిన ఎచ్చదనంల ఆయన ఒరిగిండు. ఇన్నేండ్లు గట్లనే. తోడవుట్టినోడు గూడ అంత దగ్గర గాడు భాయ్.

ఆనాడు గేటు కాడ కనవడలే. రూముకొస్తె మొఖం నిండ దుప్పటి కప్పుకొని పండుకొనే ఉన్నడు. నాకు కోపమొచ్చింది. "లే అన్నా, బస్సు పోతది" అని కాలు వట్టి గుంజిన. సల్లగున్నది. ఏసీకి సల్లవడ్డదేమో అనుకున్న, సూడుండ్రి నా తెలివి! మల్ల గుంజిన. నిద్రల్నే గుండె ఆగిందన్నరు.

అప్పట్సంది సాయంత్రం వచ్చి ఒరిగితె పరుపు ఎచ్చగనే ఉంటది భాయ్. పగలంత దాని మీద ఎవ్వలు ఒరగరు, ఏసీ నడుస్తనే ఉంటది. అయినా ఎచ్చగనే. చెయ్యి వెట్టి సూస్తరా? వద్దా? మంచిది, వద్దులే.

శవం పెట్టె ఇంటికి చేరినంక ఊర్లె పిట్టకు వెట్టిండ్రు. మీది కోరుట్లనే గదా, మీకు చెప్పేదేమున్నది? సచ్చినోనికి ఇష్టమైనయన్ని వండి ఆకుల వెట్టి, అందరు దూరం జరిగి సూస్తరు. కాకి ముడితె ఆయన మనసు నిమ్మలమైనట్టు. ముట్టకుంటె ఏదో కోరిక మిగిలినట్టు.

ముట్టలే భాయ్. కాకులు గట్టు మీదనే కూసున్నయట. ఆయన అన్న రాజేశం "నీ కొడుకును నేను సదివిపిస్త" అన్నడట. ముట్టలే. "నీ ఎడ్లను అమ్మను" అన్నడట. ఊహూ. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఇగ ఆయన పెండ్లాం బాలవ్వ నాకు ఫోన్ చేసింది. నేను సైట్ల ఉన్న, పక్కన డ్రిల్లు మోగుతున్నది. "ఆయన మనసుల ఏమున్నదో నీకే ఎరుక తమ్మీ, నువ్వే చెప్పు" అని ఏడ్సుకుంట స్పీకర్ వెట్టి, ఫోన్ తీస్కపోయి ఆకు పక్కన వెట్టింది.

నాకు ఎరుకే. ప్రతి శుక్రారం ఒక్కటే మాట అంటుండె, "పోతె ఇద్దరం పోవాలెరా, నిన్ను ఈడ ఒక్కన్ని ఇడిసి నేను పోను" అని.

గట్టిగ మొత్తుకున్న. "అన్నా! నేను గూడ వస్తున్ననే! ఈ కంట్రాటు ఒడువంగనే ఇంటికొస్త, నీ మీదొట్టు!"

ఫోన్ల అందరు ఒక్కసారే అరిసిండ్రు. "ముట్టింది! ముట్టింది!"

నా పెండ్లాం చిన్నవ్వ గూడ ఆడనే ఉన్నది, నా మాట ఇన్నది. నేనొస్తనని ఇంటికి సున్నమేయించిందట.

ఇగ మీరొచ్చి పోతవా ఉంటవా అని అడుగుతున్నరు. మాటిచ్చినవు గదా, పో మరి అనే గదా మీరనేది? నిజమే. పోతె ఏమున్నది? బస్సు దిగి వాళ్లింటి ముందట నుంచే నడువాలె. గోడకు దండేసిన ఫోటో ఉంటది. బాలవ్వ ఉత్త నొసటితోని ఎదురొస్తది. ఆడ హన్మాండ్లన్న సచ్చిపోయిండు భాయ్. ఈడ డ్యూటీకి పోయిండు, గంతే. మొఖం సరిగ సూడకుంటనే ఇన్నేండ్లు కల్సి బతికిన, ఇంకిన్నేండ్లు బతకనా?

చిన్నవ్వకు ఏదో ఒకటి చెప్త. తిడ్తది, ఏడుస్తది.

మాట తప్పితె సచ్చినోడు ఊకుంటడా అంటరా? ఊకోడు. నాకెర్కే. వెంబడిపడి వస్తడు.

రానీ భాయ్. రాయిండ్రి, ఇంకో రెండేండ్లు.